గంధకం ఎక్కడికి పోతుంది?

(విశాఖపట్నంలో ఇచ్చిన స్మారకోపన్యాసం, అచ్చు ప్రతి)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం పెట్టారో ఆయనకి సభల్లో తన పేరు వినబడటం గిట్టేది కాదు. వారి పిల్లలు కూడా నన్ను ఒకటే కోరారు: నాన్నగారి గుణగణాలు వద్దు, ఆయన చెప్పిన పాఠం చెప్పండి అని. కాబట్టి ఆయన్ని మాస్టారు అనే అంటాను. మేమంతా అలాగే పిలిచేవాళ్లం. లోహశాస్త్రం చెప్పేవారు. ఏటా పరీక్షలో ఒక ప్రశ్న మాత్రం మారేది కాదు. ఫర్నేస్‌లోకి వెళ్లిన గంధకం ఎక్కడికి పోయింది, కిలోల్లో చెప్పు. సమీకరణం రాసి ఊరుకున్నవాడికి సున్నా. "సమీకరణం పుస్తకంలోనే ఉందిగా, గంధకం ఎక్కడుందో చెప్పవోయ్" అనేవారు.

ఇవాళ ఆ ప్రశ్నకే జవాబు చెప్పబోతున్నాను. గంధకాన్ని ఎవరూ నాశనం చేయలేరు. ఒక లోహం చేతిలోంచి తీసి ఇంకో లోహం చేతిలో పెట్టడమే ఉక్కు తయారీలో మనం చేసేది. ఆ చేతులు మారడం ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఖర్చుతో జరుగుతుందన్నదే అసలు సంగతి.

ముందు లెక్క. గుండ్రటి అంకెలే తీసుకుంటాను, ఇది ఏ నెల రిపోర్టూ కాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లోంచి వచ్చే ద్రవ ఇనుముని హాట్ మెటల్ అంటాం. టన్ను హాట్ మెటల్‌కి 500 కిలోల కోక్ పడుతుందనుకోండి. ఆ కోక్‌లో 0.6 శాతం గంధకం. అంటే మూడు కిలోలు. బైలదిల్లా నుంచి వచ్చే ఖనిజంలో గంధకం లెక్కలోకి తీసుకోదగ్గంత ఉండదు, కాబట్టి నేరమంతా బొగ్గుదే. ట్యాప్ హోల్ నుంచి కారే హాట్ మెటల్‌లో 0.04 శాతం ఉందనుకుంటే అది 400 గ్రాములు. మిగతా రెండు కిలోల ఆరువందల గ్రాముల్లో కాస్త గ్యాసుతో, దుమ్ముతో పైనుంచి పోతుంది. దాదాపు అంతా ఇనుము మీద తేలే స్లాగ్‌లోకే, అంటే చిట్టెంలోకే దిగుతుంది. టన్నుకి 330 కిలోల స్లాగ్ అయితే అందులో ఇంచుమించు 0.8 శాతం గంధకం. ఏడాదికి 70 లక్షల టన్నుల హాట్ మెటల్ తీసే కర్మాగారంలో ఇలా కోక్ వెంట లోపలికి నడిచే గంధకం 21,000 టన్నులు. ఎరువుల ఫ్యాక్టరీ కోసం మన పోర్టులో పసుపుపచ్చ గంధకం దించుకునే ఓడల్లో ఒక మాదిరి ఓడ మోసేంత సరుకు అది. ఆ ఓడ అందరికీ కనిపిస్తుంది. ఈ ఓడ నల్లటి బొగ్గులో కలిసి వస్తుంది కాబట్టి ఎవరి కంటా పడదు.

మరి 400 గ్రాములు మిగిలితే ఏం కొంప మునిగింది? మునుగుతుంది. కరిగిన ఇనుము గంధకాన్ని హాయిగా తనలో ఉంచుకుంటుంది. గట్టిపడుతున్న ఇనుము మాత్రం దాదాపు అసలే ఉంచుకోదు, బయటికి నెట్టేస్తుంది. స్ఫటికాలు పెరిగేకొద్దీ వాటి మధ్య మిగిలిన చివరి బొట్టులోకి గంధకమంతా చేరుతుంది. మాంగనీసు లాంటిది లేకపోతే అక్కడ ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. అది విడిగా 1,190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇనుముతో కలిసి ఉంటే 988 డిగ్రీలకే. ఆక్సిజన్ కూడా తోడైతే ఇంకా కిందికి దిగుతుంది. రోలింగ్ మిల్లుకి పంపే ముందు ఉక్కుని వేడిచేసేది 1,100 నుంచి 1,250 మధ్య. అంటే మిల్లు రోలర్లు పట్టుకునే సమయానికి ఉక్కు రేణువులు గట్టిగానే ఉంటాయి, వాటి సరిహద్దుల్లో మాత్రం ద్రవం ఉంటుంది. అడుసు ఆరకముందే ఇటుకల గోడని భుజంతో నెట్టినట్టు, ఆ దిమ్మ ఎర్రగా ఉండగానే చీలిపోతుంది. ప్లాంట్లో హాట్ షార్ట్‌నెస్ అనేది దీన్నే. చల్లగా ఉన్నప్పుడు బాగానే కనబడిన ఉక్కు వేడిమీద విరగడం ఏమిటని పాతకాలపు కమ్మరి జుట్టు పీక్కున్నది కూడా ఇందుకే.

కమ్మరి అన్నాను గానీ, మన పాత కమ్మరులకి ఈ బాధ పెద్దగా తెలియదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవారు. హెన్రీ వాయ్‌సీ చూసి రాసిన వివరం 1832లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవారు. వాళ్లు వాడింది కర్రబొగ్గు. కర్రలో గంధకం నామమాత్రం. ఆ ఉక్కు గొప్పతనంలో కమ్మరి చేతి పనితనం ఎంతో, అడవి ఇచ్చిన శుభ్రమైన బొగ్గు కూడా అంత అని నేననుకుంటాను. ఈ రెండో మాట మన గతవైభవ వ్యాసాల్లో తరచూ రాదు.

నేలబొగ్గు దగ్గరే తంటా మొదలైంది. 1709లో ఇంగ్లాండులో కోల్‌బ్రూక్‌డేల్ దగ్గర అబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము తీయగలిగాడంటే, ఆ చుట్టుపక్కల బొగ్గులో గంధకం తక్కువ కావడం అతని అదృష్టం. పైగా అతను పోసింది వంట కుండలు. పోత ఇనుముని సుత్తితో కొట్టనక్కర్లేదు. సాగగొట్టే ఇనుము కావాల్సినవాళ్లు ఇంకో డెబ్బై ఐదేళ్లు ఆగాల్సి వచ్చింది. 1784లో హెన్రీ కార్ట్ మంటని ఒక గదిలో, ఇనుముని పక్క గదిలో పెట్టాడు. బొగ్గు వేడి తగలాలి, బొగ్గు మాత్రం తగలకూడదు. అంతే అతని ఉపాయం.

1856లో బెస్సెమర్ గాలి ఊది ఉక్కు తీసే పద్ధతి ప్రకటిస్తే లైసెన్సు కొన్నవాళ్లంతా లబోదిబోమన్నారు. ఉక్కు పగిలిపోయింది. అందులో ఫాస్ఫరస్ పాపం ఉంది, మిగిలిపోయిన ఆక్సిజన్ పాపం ఉంది, గంధకం పాపమూ ఉంది. ఫాస్ఫరస్ సంగతి తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పైనే పట్టింది. మిగతా రెండింటికీ మందు రాబర్ట్ ముషెట్ దగ్గర దొరికింది. మాంగనీసు కలిసిన ఇనుము కొంచెం వేస్తే చాలు. ఇనుము కంటే మాంగనీసుకి గంధకం మీద మోజు ఎక్కువ. మాంగనీస్ సల్ఫైడ్ కరగాలంటే 1,600 డిగ్రీలు దాటాలి. కాబట్టి రోలింగ్ వేడిలో రేణువుల మధ్య ద్రవం ఉండదు, అక్కడక్కడ గట్టి రవ్వలు ఉంటాయి. గంధకం ఉక్కులోంచి పోలేదు, దాని నివాసం మారింది.

ఇక్కడే మన ఊరు కథలోకి వస్తుంది. బెస్సెమర్, ఆ తర్వాత ఓపెన్ హార్త్ ఉక్కు పెరిగేకొద్దీ బ్రిటన్‌కి మాంగనీసు కావలసి వచ్చింది. 1890ల్లో అప్పటి విశాఖపట్నం జిల్లాలో, ఇప్పటి విజయనగరం జిల్లా కోడూరు ప్రాంతంలో గనులు తెరిచారు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అక్కడే. ఆ తర్వాత సెంట్రల్ ప్రావిన్సుల గనులు పెద్దవని తేలింది. ఆ ఖనిజం సముద్రం చేరడానికి దగ్గర దారి కావలసి వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే పూనుకుని కట్టించిన రేవు 1933లో తెరుచుకుంది. అదే మన పోర్టు. మాంగనీసుని ఆక్సిజన్ తీయడానికి, గట్టిదనం కోసం కూడా వాడతారనుకోండి. అయినా ఉక్కు వేడిమీద విరగకుండా ఉండటానికి ఎక్కడో షెఫీల్డులో పడిన అగచాట్లకీ, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన బురదలో రేవు తవ్వడానికీ బంధుత్వం ఉంది. విశాఖ చరిత్ర రాసేవాళ్లు గంధకానికి ఒక పేజీ బాకీ ఉన్నారు. ఇప్పటికీ ఉక్కు కర్మాగారం సొంత గనుల్లో ఒకటి గర్భాంలోని మాంగనీసు గని.

మాంగనీసు సరిపోకపోతే ఏమవుతుందో చెప్పడానికి అందరూ టైటానిక్‌నే ఉదాహరిస్తారు. సముద్రం అడుగునుంచి తెచ్చిన పలకని పరీక్షిస్తే గంధకం 0.069 శాతం, మాంగనీసు 0.47 శాతం. నిష్పత్తి ఏడుకి లోపే. ఇప్పుడు ఇరవైకి తగ్గితే మనవాళ్లు మొహం చిట్లిస్తారు. అలాగని ఓడని గంధకం ముంచిందనడం అన్యాయం. 1912 నాటికి అది మామూలు ఉక్కే.

మాంగనీస్ సల్ఫైడ్‌తోనూ చిక్కు లేకపోలేదు. అది మెత్తన. రోలింగ్‌లో ఉక్కుతో పాటు సాగి పోగులుగా మారుతుంది. పొడవునా లాగితే బలానికి ఢోకా లేదు, అడ్డంగా లాగితే ఆ పోగుల వెంట చీలుతుంది. బోల్టులు, నట్లు గబగబా తిప్పే లేత్ పనికి మాత్రం ఆ సల్ఫైడే కావాలి, రజను తేలిగ్గా తెగుతుంది. అందుకే కొన్ని ఉక్కుల్లో పనిగట్టుకుని గంధకం కలుపుతారు. గ్యాస్ పైపులైన్లకి పలక చేసేవాళ్లు మరో కొసన ఉంటారు, వాళ్లకి 0.001 శాతం కూడా ఎక్కువే. మనం కొనే ఇంటి కడ్డీ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఈ 500 రకానికి గంధకం 0.055 శాతం దాటకూడదు, ఎఫ్ఈ 500డి అయితే 0.040. ఆ చివరి 'డి' అక్షరానికి పెట్టే డబ్బులో కొంత గంధకం తీసినందుకే.

సరే, తీయడం ఎలా?

లోహాలన్నిటినీ గంధకం మీద మోజుని బట్టి వరసగా నిలబెట్టొచ్చు. ఎలింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త 1944లో ఇలాంటి పటాలు గీశాడు. ఉక్కు వేడిలో కాల్షియం, సీరియం వంటివి ముందు వరసలో, మెగ్నీషియం వాటి వెనక, తర్వాత మాంగనీసు, ఆ వెనక ఇనుము. కాల్షియం చవగ్గా దొరికే రూపం సున్నం. జగ్గయ్యపేట సున్నపురాయి ఫర్నేస్‌లోకి వెళ్లేది ఇందుకే. కానీ సున్నంలో కాల్షియం అప్పటికే ఆక్సిజన్‌ని పట్టుకుని ఉంది. గంధకాన్ని పట్టుకోవాలంటే ఆక్సిజన్‌ని వదలాలి. ఆ వదిలిన ఆక్సిజన్‌ని ఎవరో ఒకరు తీసుకుపోవాలి. తీసుకుపోయేవాడు లేకపోతే పని ముందుకి సాగదు. పిల్లలూ, ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ప్లాంట్ అంతా అర్థమవుతుంది.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆక్సిజన్‌ని తీసుకుపోవడానికి కర్బనం బోలెడంత ఉంది, వేడి ఉంది, సున్నం ఉంది. కాబట్టి గంధకంలో నూటికి ఎనభై పాళ్లకి పైగా అక్కడే స్లాగ్‌లోకి దిగుతుంది. హాట్ మెటల్‌ని ఉక్కుగా మార్చే కన్వర్టర్‌లో మనం ఊదేదే స్వచ్ఛమైన ఆక్సిజన్. దాన్ని తీసుకుపోయేవాడు ఎవడు? అందుకే కన్వర్టర్‌లో గంధకం ఒక పట్టాన కదలదు. కాస్త స్లాగ్‌లోకి, కాస్త గ్యాసుగా పోతుంది, మళ్లీ స్క్రాపు, సున్నం తమ వంతు తెచ్చి కలుపుతాయి. ఎస్ఎంఎస్‌లో, అంటే ఉక్కు తయారయ్యే విభాగంలో పనిచేసిన ఎవరినైనా అడగండి: ఫాస్ఫరస్‌కి ఏది మంచిదో సల్ఫర్‌కి అది గిట్టదు. ఒకదానికి ఆక్సిజన్ కావాలి, చల్లదనం కావాలి. రెండోదానికి ఆక్సిజన్ ఉండకూడదు, వేడి ఎక్కువ ఉండాలి.

దీనికి తలకిందులు ఇదే ఊళ్లో ఉండేది. మింది దగ్గర జింక్ స్మెల్టర్ 1977 నుంచి నడిచింది; మూతపడి పదేళ్లు దాటింది. అక్కడికి వచ్చిన ఖనిజం జింక్ సల్ఫైడ్. దాన్ని తొమ్మిది వందల డిగ్రీలకి పైన గాలిలో వేపేవారు. ఆక్సిజన్ వచ్చి గంధకాన్ని గ్యాసుగా లేవగొట్టేది, ఆ గ్యాసుతో సల్ఫ్యూరిక్ ఆమ్లం. అంటే మిందిలో గంధకాన్ని వదిలించేది ఆక్సిజన్, అక్కడినుంచి కాస్త దూరం పోతే ఉక్కు కర్మాగారంలో గంధకాన్ని వదలనివ్వనిది అదే ఆక్సిజన్. మాస్టారు మమ్మల్ని ఒకే రోజు పొద్దున జింక్‌కీ మధ్యాహ్నం స్టీల్‌కీ తీసుకెళ్లేవారు. బస్సులో వివరించేవారు కాదు. తిరిగొచ్చాక ఎవడు ముందు అడుగుతాడో చూసేవారు.

ఉక్కు, జింక్ మాత్రమే కాదు. మల్కాపురం రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైంది. అక్కడ సమస్య ఇంకో రకం. గంధకం ఉన్న ముడి చమురుని 260 డిగ్రీలు దాటించి వేడిచేస్తే పైపు గోడల ఇనుమునే గంధకం తింటుంది. మామూలుగా ఇనుము మీద ఏర్పడే ఆక్సైడ్ పొర కొంతైనా కాపలా కాస్తుంది. సల్ఫైడ్ పొరకి ఆ గుణం తక్కువ. అందులో లోపాలు ఎక్కువ, ఇనుము పరమాణువులు సులువుగా దాటి బయటికి వస్తాయి, పొర దళసరెక్కి ఊడిపోతుంది. క్రోమియం ఐదు శాతమో తొమ్మిది శాతమో కలిపిన ఉక్కు వాడతారు. పోనీ నికెల్ ఎక్కువగా ఉన్న ఖరీదైన మిశ్రమం వాడదామంటే అది మరీ ప్రమాదం, నికెల్ సల్ఫైడ్ నికెల్‌తో కలిస్తే 640 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుంది. గంధకం పొగ ఉన్న ఫర్నేస్‌లో నికెల్ తీగలు ఎందుకు తెగిపోతాయో వర్క్‌షాపుల వాళ్లకి బాగా తెలుసు. దీని గురించి ఇంతకంటే చెప్పను, రిఫైనరీ మిత్రులు నాకంటే బాగా చెప్పగలరు.

తిరిగి హాట్ మెటల్ దగ్గరికి. గంధకం తీయడానికి మంచి తరుణం కన్వర్టర్‌కి ముందే. హాట్ మెటల్‌లో కర్బనం నాలుగు శాతం పైన ఉంటుంది, సిలికాన్ ఉంటుంది. ఇవి ఉన్నచోట గంధకం కుదురుగా ఉండలేదు. ఉక్కులో కంటే నాలుగైదు రెట్లు తేలిగ్గా బయటపడుతుంది. ఆక్సిజనూ అందులో అంతంత మాత్రమే. 150 టన్నుల లోహం పట్టే లాడిల్ పాత్రలో 0.04 నుంచి 0.01 శాతానికి దించాలంటే తీయాల్సింది 45 కిలోల గంధకం. మెగ్నీషియంతో తీస్తే కాగితం మీద 34 కిలోలు చాలు. నిజంగా ఇంకా ఎక్కువే పడుతుంది, ఎందుకంటే మెగ్నీషియం 1,090 డిగ్రీలకే మరిగిపోతుంది, హాట్ మెటల్ ఉండేది 1,300 పైన. లాన్స్ అనే పొడుగాటి గొట్టాన్ని లోతుగా దించి, నత్రజనితో పాటు మెగ్నీషియం, సున్నం పొడి పంపుతారు. మెగ్నీషియం దిగీ దిగకముందే ఆవిరై బుడగలుగా లేస్తుంది. లాడిల్ అదురుతుంది, మూతి దగ్గర కళ్లు చెదిరే తెల్లటి మంట, దాని మీద తెల్లటి పొగ. లోపల మాత్రం ఆ బుడగల అంచున మెగ్నీషియం గంధకాన్ని పట్టుకుంటోంది. పైకి తేలాక దాన్ని సున్నానికి అప్పగిస్తోంది.

తర్వాత చేసేది చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. లాడిల్‌ని వంచి, పొడుగాటి చేతిలాంటి యంత్రంతో పైన తేలిన స్లాగ్‌ని గీకి పారేస్తారు. పది నిమిషాలు మిగుల్చుకుందామని సగం గీకి వదిలేస్తే, ఆ స్లాగ్ కన్వర్టర్‌లోకి వెళుతుంది, అక్కడ ఆక్సిజన్ తగులుతుంది, గంధకం బుద్ధిగా ఇనుములోకి తిరిగొస్తుంది. పెట్టిన మెగ్నీషియం అంతా గంగపాలు.

ఆఖరి అవకాశం లాడిల్ ఫర్నేస్. ఇక్కడ ఆక్సిజన్‌ని తీసుకుపోయేది అల్యూమినియం. అప్పటికి ఉక్కులో కర్బనం పోయింది కదా, వేరే దారి లేదు. అల్యూమినియం వేసి, సున్నం వేసి, అడుగునుంచి ఆర్గాన్ ఊదుతారు. స్లాగ్ సిద్ధమైందో లేదో చూడటానికి మా కాలంలో చేసే పరీక్ష ఒకటుంది. ఒక కడ్డీని స్లాగ్‌లో ముంచి తీసి చల్లారనిస్తాం. అంటుకున్నది నల్లగా, గాజులా మెరుస్తుంటే ఐరన్ ఆక్సైడ్ ఇంకా ఉన్నట్టు. ఎంత ఆర్గాన్ ఊదినా సల్ఫర్ దిగదు. ఆకుపచ్చ, బూడిద రంగులు దాటి తెల్లబడాలి. బాగా కుదిరిన తెల్ల స్లాగ్ చల్లారుతూ చల్లారుతూ దానంతటదే పొడిగా రాలిపోతుంది. ఆ తెల్లపొడి కడ్డీ మీంచి రాలితే ల్యాబ్ రిపోర్ట్ రాకముందే షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ముఖం విప్పారేది. ఫించామ్, రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్తలు 1954లో స్లాగ్ గంధకాన్ని ఎంతవరకు పట్టుకోగలదో కొలిచే పద్ధతి చెప్పారు. వాళ్ల సూత్రం మాకు కంఠతా వచ్చు. కడ్డీ తెల్లబడితే గానీ ఆ సూత్రం మీద నమ్మకం కుదిరేది కాదు.

ఇంతా చేసి మిగిలిన గంధకం ఎక్కడుందో కళ్లతో చూసే మార్గం కూడా ఉంది. బౌమన్ అనే జర్మన్ 1906 ప్రాంతంలో చెప్పిన సల్ఫర్ ప్రింట్. కాస్టర్ యంత్రం నుంచి వచ్చిన ఉక్కు దిమ్మని, అంటే బ్లూమ్‌ని, అడ్డంగా కోసి, ముఖాన్ని నునుపు చేస్తారు. మామూలు ఫోటో బ్రోమైడ్ కాగితాన్ని పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టి, ఆ ముఖం మీద పరిచి, బుడగల్లేకుండా అరచేత్తో ఒత్తుతారు. కొన్ని నిమిషాల తర్వాత తీస్తే, సల్ఫైడ్ ఉన్న ప్రతిచోటా గోధుమరంగు చుక్క. ఆమ్లం సల్ఫైడ్‌తో కలిసి గ్యాసు పుట్టిస్తుంది, అది కాగితంలోని వెండిని నల్లబరుస్తుంది. అంచుల్లో చుక్కలు పలచగా, నడిమధ్య గుంపుగా ఉంటాయి. చివరగా గట్టిపడేది మధ్యభాగమే కదా. ఒక్కోసారి అంచుకీ మధ్యకీ నడుమ సన్నటి గోధుమ గీతలు కనిపిస్తాయి. అవి పగుళ్లు. గట్టిపడుతున్నప్పుడు చీలి, గంధకం నిండిన చివరి ద్రవాన్ని పీల్చుకుని పూడిపోయినవి. బయటినుంచి చూస్తే బ్లూమ్ అద్దంలా ఉంటుంది. విశాఖ ఉక్కులో మొదటినుంచీ ఉక్కంతా కంటిన్యువస్ కాస్టింగ్‌లోనే పోశారు, దేశంలో అలా మొదలుపెట్టిన మొదటి సమగ్ర కర్మాగారం ఇదే. అందుకే ఈ గోధుమ చుక్కలతో మా తరానికి అంత చనువు. ఇప్పుడు ఆ ఫోటో కాగితం దొరకడమే గగనమైంది.

ఇక స్లాగ్‌లోకి పోయిన రెండున్నర కిలోల మాట. అక్కడితో లెక్క ముగిసిందని రాసినవాడికి మాస్టారు సగం మార్కులే వేసేవారు. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ మీద నీళ్లు జోరుగా కొట్టి ఇసకలా చేస్తారు. ఆవిరితో పాటు కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంటుంది. కాల్షియం సల్ఫైడ్ నీళ్లతో కలిస్తే పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అది, గంధకంలో కొద్ది భాగం. మిగతాది ఆ ఇసకలో ఉండి సిమెంట్ కంపెనీలకి పోతుంది, స్లాగ్ సిమెంట్ అవుతుంది. స్లాగ్ సిమెంట్‌తో పోసిన కాంక్రీటుని కొత్తలో పగలగొట్టి చూడండి: లోపల నీలం కలిసిన ఆకుపచ్చ రంగు. చూసినవాళ్లు కల్తీ సిమెంటని మేస్త్రీ మీద గొడవకి దిగిన సందర్భాలున్నాయి. అది సల్ఫైడ్ రంగు; గాలి తగిలితే కొన్నాళ్లకి పోతుంది. అంటే గాజువాకలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటే, స్తంభం లోపలి కడ్డీలోంచి ఎంతో శ్రమపడి తీసిన గంధకం ఆ కడ్డీ చుట్టూ ఉన్న కాంక్రీటులోనే ఉండొచ్చు. మూడు కిలోల ప్రశ్నకి ఇదీ పూర్తి జవాబు.

నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. గంధకం గురించి అసలు నిర్ణయం ఎస్ఎంఎస్‌లోనో ఫర్నేస్ దగ్గరో జరగదు, బొగ్గు కొనే బల్ల దగ్గర జరుగుతుంది. ఝరియా బొగ్గులో గంధకం తక్కువే, కానీ బూడిద విపరీతం. బూడిద పెరిగితే సున్నం పెరుగుతుంది, స్లాగ్ పెరుగుతుంది, దాన్ని కరిగించడానికి మళ్లీ కోక్. అస్సాం, మేఘాలయ బొగ్గులో బూడిద తక్కువ, గంధకం రెండు మూడు శాతం నుంచి పైకి. అందుకే సముద్రపు ఒడ్డున ఉన్న మన కర్మాగారం మొదటినుంచీ ఆస్ట్రేలియా వంటి చోట్లనుంచి వచ్చే ఓడల మీద ఆధారపడింది. టన్నుకి నాలుగు డాలర్లు తక్కువని ఒక ఓడ, అర్జెంటు అని ఇంకో ఓడ తెస్తే, ఆ తేడా కోక్‌లో, కోక్‌లోంచి హాట్ మెటల్‌లో, ఒక్కో ట్యాపింగ్‌కీ ఒక్కోలా బయటపడుతుంది. దాన్ని సరిచేసే మెగ్నీషియం, సున్నం, అల్యూమినియం, పోయిన గంటలు, పక్కన పెట్టిన బ్లూమ్‌లు ఎవరి పద్దులోనో పడతాయి. కొన్నవారి పద్దులో మాత్రం ఆ నాలుగు డాలర్ల ఆదా మెరుస్తూనే ఉంటుంది. బొగ్గు ధరని టన్నుకి కాక, అది తెచ్చే గంధకాన్ని తీసే ఖర్చు కలిపి లెక్కగట్టాలి. ఈ మాట ఏ ఒక్క కర్మాగారాన్నీ ఉద్దేశించి అనడం లేదు, కోక్ వాడే అందరికీ వర్తిస్తుంది.

విద్యార్థులు రేపు చూడబోయేది వేరే లోకం కావచ్చు. హైడ్రోజన్‌తో ఇనుము తీసి, స్క్రాపుతో కలిపి విద్యుత్ ఫర్నేస్‌లో కరిగిస్తామంటున్నారు. కోక్ లేకపోతే మూడు కిలోల గంధకమూ లేదు. మంచిదే. కానీ స్క్రాపుతో రాగి వస్తుంది, మోటార్ల తీగల రూపంలో. రాగికి ఆక్సిజన్ మీద ఇనుముకున్నంత మోజు లేదు, కాబట్టి ఎంత ఊదినా స్లాగ్‌లోకి పోదు, ఉక్కులోనే మిగిలి ప్రతి రౌండుకీ పెరుగుతుంది. రీహీటింగ్‌లో పైపైన ఇనుము పొలుసుగా పోతుంటే దాని కింద రాగి పోగుపడి, 1,085 డిగ్రీలకి కరిగి, రేణువుల మధ్యకి దూరుతుంది. పాత హాట్ షార్ట్‌నెస్సే, ఈసారి వేరే లోహంతో. రాగిని పట్టగల వాటి కోసం పరిశోధకులు ఏనాటినుంచో వెతుకుతున్నారు. వాళ్లు ప్రయత్నించిన వాటిలో సల్ఫైడ్ స్లాగ్ ఒకటి: ఐరన్ సల్ఫైడ్, సోడియం సల్ఫైడ్ కలిపి కరిగించి కర్బనం నిండిన ఇనుము మీద తేలిస్తే, రాగి ఇనుముని వదిలి అందులోకి కొంత దిగుతుంది. ఫర్నేస్ గోడలు తినేయడం, చాలినంత రాగి దిగకపోవడం వంటి ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. అవి తీరిన రోజున మీరు ఉక్కు లాడిల్‌లోకి గంధకాన్ని చేజేతులా పోస్తారు. రాగి పోయాక ఆ గంధకాన్ని తీయడానికి మెగ్నీషియం లాన్స్ మళ్లీ దించాల్సి వస్తుంది. తీయాల్సిన గంధకం ఎన్ని కిలోలో ముందే లెక్క వేసుకుని పెట్టుకోండి.